పొగగొట్టములోని మెఱుపు

అమరకోశము వల్లించిన సోదరీమణులకు వాయువు పేరులలో ‘గంధవహుడు’ అనునది జ్ఞాపకముండును. వాసనను మోయువాడని దాని యర్థము. ఆ పేరు ఎంతో యెఱిగి పెట్టినది. వాయువునకు మోయుటయే తెలియును గాని యేరుట తెలియదు. మల్లెపూవుల తావియైనను, కుళ్లిన చేపల కంపైనను, కర్మాగారపు విషమైనను, తన భుజముపై బెట్టినదాని నెల్ల తెచ్చి మన గడపలో దించిపోవును. నీటిని వడియగట్టుకొనవచ్చును, బియ్యమును చెఱుగుకొనవచ్చును, కూరను కడుగుకొనవచ్చును. గాలిని మాత్రము వచ్చినదానిని వచ్చినట్లే పీల్చుకొనవలసియున్నది. పొత్తిళ్లలోని శిశువునకును, మంచము పట్టిన వృద్ధురాలికిని అందు ఎంపిక లేదు.

మా పెదపాడు ఏలూరునకు సమీపమున, కొల్లేటి కెగువనున్న ఊరు. దక్షిణపు గాలి వీచినపుడు కొల్లేటి తేమయు, చేపల చెఱువుల వాసనయు వచ్చును. కోతలైన పిమ్మట చేలలో గడ్డి తగులబెట్టిన పొగ వచ్చును. బియ్యపు మిల్లులలోని ఊకపొగయు, జాతీయ రహదారిమీది లారీల పొగయు మనకు క్రొత్తవి కావు. వీనిని ముక్కు గుర్తుపట్టును, కన్ను చూచును, మనము తలుపు మూసికొందుము. కాని మందుల కర్మాగారములనుండియు, రంగుల కర్మాగారములనుండియు వెలువడు కొన్ని ఆవిరులు కంటికి కానరావు. టోలుయీను, బెంజీను, స్టైరీను మొదలగునవి యీ జాతివి. ఇవి ద్రవములుగా నుండియే యెండలో కర్పూరమువలె గాలిలోనికి ఎగిరిపోవు స్వభావము గలవి. మెల్లమెల్లగా ఏండ్లకొలది పీల్చినచో తలనొప్పి మొదలుకొని నాడీమండలపు జబ్బులవఱకు తెచ్చును. బెంజీను రక్తమునకు సంబంధించిన పుట్టకురుపు వ్యాధిని కలిగించునని వైద్యులు నిశ్చయించియున్నారు.

ఇట్టి విషపుటావిరులను మెఱుపుచేత శుద్ధిచేయు విద్య యొకటి కలదు. దానిని ప్లాస్మా పద్ధతి యందురు. వంటయింటి పనులలో మునిగియుండు మన కీ శాస్త్రముతో నేమి పని యని కొంద ఱడుగవచ్చును. పని కలదు. ఒక ఊరిదగ్గఱ కర్మాగారము పెట్టదలచినవారు “మాకడ నవీన యంత్రములున్నవి, గాలికి భయములేదు” అని చెప్పుట తఱచుగా వినుచున్నాము. ఆ మాట నమ్మదగినదో కాదో తెలిసికొనుట కొంత చదువుచేతనే యగును. మఱియు ఆ ప్లాస్మా పేరే అట్టపెట్టెలమీద అచ్చొత్తి గాలిని శుభ్రపఱచు చిన్నయంత్రములను మన యిండ్లకును అమ్మజూపుచున్నారు. తెలియక నమ్మినను నష్టమే. తెలియక త్రోసివేసినను నష్టమే.

మొదట పేరు సంగతి. 2020, 2021 సంవత్సరములలో కరోనా మహమ్మారి వ్యాపించినపుడు, కోలుకొన్నవారి రక్తమునుండి తీసిన ప్లాస్మాను రోగుల కిచ్చిరని వింటిమి. అది రక్తములోని పసుపుపచ్చని ద్రవము. ఇప్పుడు చెప్పబోవునది వేఱు. 1928లో అమెరికా శాస్త్రజ్ఞుడు ఇర్వింగ్ లాంగ్మ్యూర్ విద్యుత్తు ప్రవహించు వాయువునకు ఈ పేరు పెట్టెను. రక్తద్రవము తనలోని కణములను మోసికొనిపోవునట్లు ఈ వాయువును తనలోని విద్యుత్కణములను మోయుచున్నదని ఆయనకు తోచినదని ఆయనతో పనిచేసినవారు వ్రాసియున్నారు. పేరొకటియే, వస్తువులు రెండు.

మంచుగడ్డను వేడిచేసిన నీరగును. నీటిని కాచిన ఆవిరియగును. ఇంతవఱకు ప్రతి గృహిణియు ఎఱుగును. ఆ పైమెట్టు ఒకటి యున్నది. వాయువును మిక్కిలి వేడిచేసినను, గొప్ప విద్యుద్బలమునకు లోబఱచినను, దాని పరమాణువులనుండి ఎలక్ట్రానులను అతిసూక్ష్మ కణములు ఊడివచ్చును. అవి ఒకవంకను, ఎలక్ట్రానులను పోగొట్టుకొన్న పరమాణువులు మఱొకవంకను తిరుగుచుండ, ఆ వాయువు విద్యుత్తును ప్రసరింపజేయును, వెలుగును. ఇదియే ప్లాస్మా. ఘన ద్రవ వాయు రూపములకు తరువాతి నాలుగవ రూపము. సూర్యుడును నక్షత్రములును ఇట్టి పదార్థమే. ఆకాశమున మెఱయు మెఱుపు ఇట్టిదే. నక్షత్రములలో ఎంత వేడిమికి ఎన్ని పరమాణువు లిట్లు విడివడునో లెక్కగట్టు సూత్రమును 1920లో మన దేశమువాడే యగు మేఘనాద సాహా కనుగొనెను.

ప్లాస్మాలో రెండు జాతులున్నవి. మొదటిది ఉష్ణప్లాస్మా, అందు సర్వమును కాలుచుండును. ఇనుమును కోయుటకు, ఆసుపత్రుల చెత్తను భస్మము చేయుటకు దానిని వాడుదురు. రెండవది శీతలప్లాస్మా. మన యిండ్లలో నిన్న మొన్నటివఱకు వెలిగిన ట్యూబులైటు ఇందుకు నిదర్శనము. దానిలోని ఎలక్ట్రానుల వేగమును వేడిమిగా లెక్కించిన పదివేల డిగ్రీలగును. గొట్టమును చేతితో పట్టుకొన్న గోరువెచ్చగనే యుండును. ఇదెట్లని యాశ్చర్యపడ నక్కఱలేదు. పెండ్లివారింట పంక్తిలో పెద్దలందఱు కదలక కూర్చుండి భుజించుచుండగా నలుగురు పిల్లలు విస్తళ్లనడుమ పరుగులెత్తుచుందురు చూడుడు. పరుగంతయు పిల్లలదే, పంక్తి కదలదు. ఎలక్ట్రానులు ఆ పిల్లలవంటివి. మిక్కిలి తేలికయైనవి గావున విద్యుద్బలమంతయు వానికే యెక్కును. బరువైన గాలి అణువులు చల్లగా నుండును.

గాలిని శుద్ధిచేయుటలో ఈ చల్లదనమే ముఖ్యము. కర్మాగారపు గొట్టమునుండి వచ్చు గాలిలో విషపుటావిరి పదిలక్షల పాళ్లలో నూఱో రెండువందలో పాళ్లుండును. తక్కినది వట్టిగాలి. దానిని కాల్చి శుద్ధిచేయుటయే బహుకాలముగా నున్న పద్ధతి; అందుకు ఆ గాలినంతటిని సుమారు 700 మొదలు 850 డిగ్రీలవఱకు వేడిచేయవలయును. పుట్టెడు ధాన్యములో దోసెడు రాళ్లున్నవని ధాన్యమంతయు వేయింతుమా? వేఱొక పద్ధతి, బొగ్గుపొడిలోనుండి గాలిని పోనిచ్చుట. బొగ్గు ఆ యావిరిని పీల్చుకొనును. కాని నిండిన బొగ్గును మార్చవలెను. ఆ విషపు బొగ్గును ఎక్కడనో పాతిపెట్టవలెను లేదా మరల కాల్చవలెను. శీతలప్లాస్మా చేయునది వేఱు. విద్యుచ్ఛక్తి ముఖ్యముగా ఎలక్ట్రానులకే చేరును. అవి పోయి గాలిలోని ప్రాణవాయువును, నీటియావిరిని తాకి వానిని చీల్చును. అట్లు చీలిన ముక్కలు ఊరకుండలేక, దగ్గఱనున్న విషపుటణువును పట్టుకొని ముక్కముక్కలు చేయును. కడకు బొగ్గుపులుసు గాలియు నీరును మిగులవలెను. ఇది ఈ విద్యయొక్క ఉద్దేశము.

ఇందులకు వాడు పాత్రయొక్క మూలరూపమును 1857లోనే జర్మనీ దేశపు వెర్నర్ సీమెన్సు కల్పించెను. ఆయన కోరినది ఓజోను వాయువును పుట్టించుట. ఒక గాజుగొట్టము, దాని వెలుపల ఒక లోహపు తొడుగు, లోపల నడుమ ఒక లోహపు కడ్డీ, కడ్డీకిని గాజునకును నడుమ వేలెడుకంటె చాల తక్కువ సందు. ఆ సందులోనుండి గాలి పోవుచుండగా రెండు లోహములకును వేలకొలది వోల్టుల విద్యుత్తు నిచ్చుదురు. గాజు అడ్డమున్నది గనుక పెద్ద నిప్పురవ్వ యెగయదు. దానికి మాఱుగా అసంఖ్యాకములైన సన్నని మెఱుపుపోగులు పుట్టి, సెకనులో కోటివ వంతునకు తక్కువ కాలములోనే యాఱిపోవుచుండును. ఆ గొట్టము చీకటిలో ఊదావన్నె కాంతితో మెఱయును. గొట్టములో పట్టి కట్టివేసిన మెఱుపు అన్నను తప్పులేదు.

మెఱుపును పొగకు చికిత్సగా వాడుట నిన్నటి మాటకాదు. 1824లో జర్మనీలో హోల్ఫెల్డు అనునాయన, సీసాలో నింపిన పొగలో విద్యుత్తునిచ్చిన తీగ యుంచగా పొగ తేరిపోవుట చూపెను. 1885 ప్రాంతమున ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు ఆలివర్ లాడ్జి సీసము కరగించు కర్మాగారమున దీనిని ప్రయోగించి విఫలుడయ్యెను. అప్పటి విద్యుద్యంత్రముల బలము చాలలేదు. 1907లో కాలిఫోర్నియాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అను ఆచార్యుడు గంధకామ్లపు పొగమంచును పట్టి దీనిని సఫలము చేసెను. ఆయన తనకు వచ్చు హక్కుల ధనమును తాననుభవింపక, 1912లో ఒక సంస్థను నెలకొల్పి శాస్త్రపరిశోధనలకే వినియోగింపజేసెను. ఆయన యంత్రమునుండి పెరిగినవే నేడు బొగ్గుతో విద్యుత్తు తీయు కేంద్రములలో బూడిదను పట్టు యంత్రములు. బెజవాడచెంత ఇబ్రహీంపట్నములోని విద్యుత్కేంద్రమునను ఇట్టివి కలవు. తీగలచుట్టు ఏర్పడు సన్నని ప్లాస్మా బూడిదరేణువులకు విద్యుత్తు నంటించును. అవి పోయి యెదుటి పలకల కంటుకొనును. పలకలను కొట్టగా క్రింద రాలును. మంచియంత్రము సరిగా నడచినచో నూటికి 99 పాళ్లకు పైగా బూడిద నాపగలదు.

కాని యీ యంత్రము రేణువుల నాపునే కాని వాయువుల నాపలేదు. గంధకపు వాయువును, నత్రజని యామ్లవాయువులును దాని నడుమనుండి నిర్భయముగా పోవును. వీనికొఱకు మఱియొక మార్గము త్రొక్కిరి. జపానులో 1970 ప్రాంతమున మొదలుపెట్టి, పొగలోనికి ఎలక్ట్రానుల ధారను చిమ్మి, దానితో కొంచెము అమ్మోనియా కలుపుట నేర్చిరి. పోలండు దేశమున పొమొజానీ విద్యుత్కేంద్రములో ఈ శతాబ్దారంభమున దీనిని పెద్దయెత్తున నడపిరి. గంధకవాయువులో నూటికి 90 పాళ్లకు పైగా, నత్రజని వాయువులలో 70 పాళ్లవఱకు పోయినవి. అంతకంటె వింత యేమన, పోయినవి అమ్మోనియం సల్ఫేటుగాను, అమ్మోనియం నైట్రేటుగాను మాఱి పొడియై క్రింద పడినవి. మన కృష్ణా గోదావరి మండలములలోని రైతులు బస్తాలతో కొనితెచ్చుకొను నత్రజని యెరువుల జాతియే అది. మేఘమునబడి చెట్లను మాడ్చవలసిన ఆమ్లము పొలమున పైరుకు ఆహారమయ్యెను.

ఇక మన తెలుగునాటి సంగతి. హైదరాబాదునకు పడమటనున్న పటాన్‌చెరువు, బొల్లారము ప్రాంతములు మందులకును రసాయనములకును పేరువడ్డవి. అక్కడి చెఱువులును బావులును చెడిపోయిన కథ న్యాయస్థానములకెక్కి దేశమంతట తెలిసినది. ఆ ప్రాంతమునకు దూరముగాని కందిగ్రామమున హైదరాబాదు ఐ.ఐ.టి. విద్యాలయమున్నది, 2008లో స్థాపింపబడినది. అందు రసాయనశాస్త్రాచార్యులగు చల్లపల్లి సుబ్రహ్మణ్యముగారు ఈ శీతలప్లాస్మాతో విషపుటావిరులను హరించు పరిశోధనలో చిరకాలముగా కృషిచేసినవారు. ఆయన పూర్వము స్విట్జర్లాండు దేశమున లోసాన్ నగరములో ఈ విషయమై సహపరిశోధకులతో పనిచేసి, హైదరాబాదునకు వచ్చి శిష్యులతో దానిని కొనసాగించిరి.

వారు చేసిన మార్పు చూడ చిన్నది. సాధారణముగా ఇట్టి పాత్రలో నడిమి కడ్డీ వట్టి లోహము. వీరు దానికి మాఱుగా వెండ్రుకవంటి లోహపునారలను ఒత్తి కూర్చిన గొట్టమును పెట్టి, దానికి మాంగనీసు, కోబాల్టు మొదలగు లోహముల ఆక్సైడులను పూసిరి. గాలి ఆ జల్లెడలో దూరి రావలయును. ఆ పూత ఉత్ప్రేరకము. ఉత్ప్రేరకమనగా పెండ్లిపెద్దవంటిది, రెండు కుటుంబములను కలిపి, తాను మాత్రము వచ్చినట్లే యింటికి పోవును. మెఱుపువలన పుట్టిన ఓజోను ఈ పూతను తాకి విడిపోయి చుఱుకైన ప్రాణవాయు పరమాణువుల నిచ్చును. అవి విషపుటావిరిని మఱింత పూర్తిగా దహించును. తానే యొక విషమగు ఓజోను, రెండవ విషమును చంపుట కాయుధమై తానును తఱిగిపోవును. టోలుయీను, ఐసోప్రొపనాలు వంటివానితో ప్రయోగశాలలో దీనిని పరీక్షించి, పూత లేనిదానికంటె పూత గలది మేలని చూపిరి.

ఇంతవఱకు విన్నవారు, ఇంకేమి, గొట్టముల కెల్ల ఈ మెఱుపును తగిలించిన చాలునందురేమో. అమృతముకొఱకు పాలసముద్రమును చిలుకగా ముందుగా పుట్టినది హాలాహలమని మన మెఱుగుదుము. ఈ చిలుకుటలోను అది కలదు. విషపుటణువు విఱిగినంత మాత్రమున శుద్ధియైనట్లు గాదు. సగము విఱిగిన ముక్క మొదటిదానికంటె చెడ్డదికావచ్చును. మెఱుపు చాలనిచోట టోలుయీనునుండి బెంజాల్డిహైడు, ఫార్మిక్ ఆమ్లము వంటివి రావచ్చును. ఇతర ఆవిరులనుండి ఫార్మాల్డిహైడు రావచ్చును. ప్రాణాపాయమగు కార్బన్ మోనాక్సైడు రావచ్చును. జిగటపదార్థము గాజుగొట్టపు గోడల కంటుకొని మూసివేయవచ్చును. మెఱుపు ఎక్కువైనచోట గాలిలోని నత్రజనియే మండి క్రొత్త ఆమ్లవాయువులు పుట్టును. ఓజోను మిగిలి వెలికి రావచ్చును.

దీనిని కనిపెట్టుట కొక లెక్క యున్నది. ఇంటి పద్దులు వ్రాసికొను స్త్రీలకు అది యిట్టే తెలియును. ఒక్కొక్క టోలుయీను అణువులో 7 కర్బన పరమాణువులు, 8 ఉదజని పరమాణువులు ఉండును. అది పూర్తిగా దగ్ధమైనచో 7 బొగ్గుపులుసు గాలి అణువులును, 4 నీటి యణువులును రావలెను. కావున 100 టోలుయీను అణువులు మాయమైనచోట 700 బొగ్గుపులుసు గాలి అణువులు కానరావలెను. 420 మాత్రమే కానవచ్చినచో నూటికి 60 పాళ్లే దగ్ధమైనవి. తక్కిన 40 పాళ్ల కర్బనము ఏ రూపమున ఎక్కడికి పోయినది? “నూటికి 95 పాళ్లు విషము తొలగించితిమి” అని చెప్పువాడు ఈ జమాఖర్చు చూపలేనిచో, అరలోని బియ్యము తఱిగినవి గాని అన్నము ఎవ్వరు తినిరో చెప్పలేని యిల్లు వంటిది ఆ మాట.

రెండవ చిక్కు విద్యుత్తు వ్యయము. ఊహకు ఒక లెక్క వేయుదము. ఒక కర్మాగారమునుండి గంటకు 10,000 ఘనమీటర్ల గాలి వచ్చుననియు, లీటరు గాలికి 200 జౌళ్ల శక్తి కావలెననియు అనుకొందము. గంటకు సుమారు 555 యూనిట్ల విద్యుత్తగును. నెలకు 200 యూనిట్లు వాడు గృహమునకు అది దాదాపు మూడు నెలల వాడుక. ఆ విద్యుత్తు బొగ్గునుండి వచ్చినదైనచో, ఇచ్చటి గాలిని కడిగి మఱియొక యూరిమీద మసి పోసినట్లగును. అందువలననే యీ పద్ధతి గాలి తక్కువగా, విషము పలుచగా నున్నచోటను, దుర్వాసనలను పోగొట్టుటకును తగినది. విషము దట్టముగా నున్నచోట దానిని మొదటనే చల్లార్చి మరల ద్రవముగా పట్టుకొనుట మేలు. అది కర్మాగారమువారికిని ఆదాయము. బొగ్గుపొడితో పట్టి, పోగైన విషమునే అప్పుడప్పుడు ప్లాస్మాతో దహించు మార్గమును పరిశోధించుచున్నారు.

మూడవది అన్నిటికంటె ముఖ్యము. ఇది నిత్యము కొద్దికొద్దిగా వెలువడు విషమునకు మందుగాని ఆకస్మిక ప్రమాదమునకు కవచము గాదు. 2020 మే 7వ తేది తెల్లవారుజామున విశాఖపట్టణముచెంత ఆర్.ఆర్. వెంకటాపురమున, ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారపు తొట్టెనుండి స్టైరీను ఆవిరి వెలువడి నిద్రలోనున్న పల్లెపై క్రమ్మెను. 12 మంది మృతినొందిరి; వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. స్టైరీనును ప్రయోగశాలలో ప్లాస్మా చీల్చగలదు. కాని యా రాత్రి వెలువడినది గొట్టమునుండి సన్నగా వచ్చు గాలి కాదు. తొట్టెలో వేడెక్కి పొంగిన వరద. అచ్చట కావలసినది తొట్టెను చల్లగా నుంచుటయు, దానిలో కలుపవలసిన మందును కలుపుటయు, వేళకు మ్రోగు హెచ్చరిక కూతయును. మన ఏలూరు జిల్లాలోనే 2022 ఏప్రిల్ 13 రాత్రి ముసునూరు మండలము అక్కిరెడ్డిగూడెమున ఒక రసాయన కర్మాగారములో అగ్నిప్రమాదము జరిగి పలువురు పనివారు అసువులు బాసిరి. గొట్టపు కొనను ఎంతటి మెఱుపును కట్టినను ఇట్టి మృత్యువు ఆగదు. నవీనయంత్రమును చూపి పాతజాగ్రత్తలను మఱపించువానిని నమ్మరాదు.

ఇంటిలో పెట్టుకొను యంత్రముల సంగతియు ఇచ్చటనే చెప్పవలసియున్నది. గదిలోని గాలిని ప్లాస్మాచేతనో అయానులచేతనో శుద్ధిచేయుదుమని చెప్పు పెట్టెలలో కొన్ని ఓజోనును వెలువరించును. ఉఱుముల వాన వెలిసిన పిమ్మట వచ్చు నొక ఘాటువాసన ఓజోనుదే; దానిని కొందఱు ‘తాజాగాలి’ వాసన యని మురియుదురు. అది యూపిరితిత్తులను ఒఱయును. ఉబ్బసముగల పిల్లలకు మిక్కిలి కీడు. మన దేశపు నియమములలో 8 గంటల సగటున ఘనమీటరు గాలికి 100 మైక్రోగ్రాములకు మించి ఓజోను ఉండరాదని 2009లో నిర్ణయించిరి. కర్మాగారములో ఓజోనును హరించు పూతయును, కొలుచు పరికరమును ఉండవచ్చును. పడకగదిలోని పెట్టెకు ఆ కాపలా యెవ్వరు? కావున అట్టి పెట్టెను కొనవలసియే వచ్చిన, ఓజోనును వెలువరింపదని పరీక్షాపత్రము చూపుమనుడు. లేనిచో వట్టి వడపోత జల్లెడతో గాలిని వడియగట్టు యంత్రము మేలు. వంటింటి పొగకు ఎదురెదురు కిటికీలును, పైకి లాగు పంకాయు చాలును.

ఇక మన చేతిలోనున్న పని. 2006 సెప్టెంబరు 14వ తేదీన కేంద్రప్రభుత్వము వెలువరించిన ప్రకటనము ప్రకారము, కొన్ని తరగతుల కర్మాగారములకు అనుమతి యిచ్చుటకు ముందు ప్రజాభిప్రాయ సభ జరుపవలయును. కనీసము 30 దినములు ముందుగా పత్రికలలో ప్రకటింపవలెను. కర్మాగారమువలన కలుగు మేలు కీడుల సంగ్రహము ప్రజల భాషలో అందుబాటున నుంచవలెను. జిల్లా కలెక్టరుగాని ఆయనచే నియమితుడగు నధికారిగాని అధ్యక్షత వహింపవలెను. జనులడిగిన ప్రశ్నలును, వచ్చిన ప్రత్యుత్తరములును వ్రాసికొని, సభాంతమున అందఱికిని తెలుగున చదివి వినిపింపవలెను. అడుగువారు చదువుకొన్నవారే కావలెనను నియమమేమియు లేదు. ఆ గాలి పీల్చువారైన చాలును.

ఆ సభలో గాలిని శుద్ధిచేయు యంత్రమును గుఱించి మాట వచ్చినపుడు అడుగవలసినవి మూడే ప్రశ్నలు. మొదటిది: తొలగించితిమన్న విషము ఏమైనది, దాని కర్బనపు జమాఖర్చు ఏది? రెండవది: కరెంటు పోయినపుడు కర్మాగారము ఆగునా, లేక యంత్రమొకటే ఆగి విషము తిన్నగా ఆకాశమున కెక్కునా? మూడవది: గొట్టపు కొనను ఎవరు కొలుతురు, ఎన్ని గంటలకొకమాఱు కొలుతురు, ఆ లెక్క మా పంచాయతీ గోడమీద మాకు కనబడునా? ఈ మూడింటికి సూటియైన యుత్తరములు వచ్చినచో ఆ యంత్రమును ఆదరింపవచ్చును. అట్టి యంత్రము మన యువకులకు ఉద్యోగములను, మన గాలికి రక్షణను కూడ ఇయ్యగలదు. రానిచో, అది ప్లాస్మాయైనను మఱేదియైనను, వట్టి పేరు మాత్రమే.

ఒక్క సంగతి చెప్పి విరమించెదను. ఆ సభకు ఇంతమంది రావలెనను నియమము ఆ ప్రకటనములో లేదు. పదిమంది వచ్చినను సభ చెల్లును. ఒక్క స్త్రీయైన రాకున్నను సభ చెల్లును. మనము మాటలాడకున్నచో మనము సమ్మతించినట్లే కాగితముమీద నిలిచిపోవును. పంట పనులున్నవని, పురుషులు పోయిరిగదా యని ఇంట నిలిచిపోవుట మనకు అలవాటు. ఇంట నిలిచినవారి యొద్దకే గాలి నడచివచ్చును. పగలెల్ల ఇంటనుండి దానిని పీల్చువారు మనమును, మన పిల్లలును, మన యత్తమామలును. కావున పత్రికలో ఆ ప్రకటనము కనబడిన నాడే తేదీని గోడమీది పంచాంగమున గుఱుతు పెట్టుకొనుడు. ఇరుగుపొరుగువారిని వెంటబెట్టుకొని వెళ్లి, ముందువరుసలో కూర్చుండి అడుగుడు. సభాంతమున చదివి వినిపించునపుడు మీ ప్రశ్న అందున్నదో లేదో వినియే లేచిరండు.